సత్యానందం కొన్న ఐసు పెట్టె

సత్యానందం తన గారేజీలో ఐదు ఐసు పెట్టెలు వరసగా పెట్టి, ఒక్కోదానిలో పది పౌండ్ల ఐసు పోసి, ఒక్కో మూత కింది నుంచి ఒక థర్మామీటరు తీగ బయటికి లాగి ఉంచిన రోజున నేను మొదటిసారి ఆ ఇంట్లో అడుగుపెట్టాను. అమెరికాలో వీటిని కూలర్లు అంటారు. నా లెక్కలో కూలరంటే ఎండాకాలం కిటికీకి తగిలించేది. అందుకని నేను ఐసు పెట్టె అనే అంటాను.

చాండ్లర్ అనే ఊళ్ళో మా అమ్మాయి రాగిణి ఇంటి పక్కిల్లు ఆయనది. నేను ఆరు నెలలు ఉండి పోదామని వచ్చినవాణ్ణి. తెనాలి కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యానని తెలిసిన దగ్గర్నుంచి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నన్ను మాస్టారూ అనే పిలిచేవారు.

"ఎవరిదయ్యా పెళ్ళి? ఇన్ని పెట్టెలు పెట్టావు?" అన్నాను.

"పెళ్ళి కాదు మాస్టారూ, టెస్టింగ్. నాలుగ్గంటలకోసారి రీడింగ్ తీస్తున్నాను."

"ఆయన తీస్తున్నారు, నేను రాస్తున్నాను," అంది గారేజీ మూల కుర్చీలో కూర్చున్న ఆయన భార్య లూసీ. బయట, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో, నూరు డిగ్రీల ఎండ. ఆమె శాలువా కప్పుకుని ఉంది. జుట్టు రాలిపోయిన తలకు ఊలు టోపీ. ఒళ్లో రూళ్ళ పుస్తకం. "థర్మోకోల్‌ది ఫెయిలైపోయింది మాస్టారూ. పాపం, సాయంత్రం దాకా కూడా ఆగలేదు."

ఆ ఐదింటిలో ఒకటి థర్మోకోలుది. ఒకటి భుజాన వేసుకునే సంచీ. ఒకటి కారులో ప్లగ్గు పెట్టేది. ఒకటి వాళ్ళింట్లో పదేళ్ళుగా ఉన్న చక్రాల పెట్టె. చివరిది తెల్లగా, ఇనప్పెట్టెలా ఉంది. దాని గోడలు రెండంగుళాల మందం. మూతకు రబ్బరు బిళ్ళలు. ఖాళీగా ఉన్నప్పుడే ఎత్తాలంటే ఇద్దరు కావాలి.

"నా కంటే అదే బరువు మాస్టారూ," అంది లూసీ, నవ్వుతూ. సత్యానందం నవ్వలేదు.

ఆయన సంగతి కొంచెం చెప్పాలి. నరసాపురం వాడు. తండ్రి మిషను ఆసుపత్రిలో కాంపౌండరు. ఇక్కడ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా ఇంజనీరు. తల నుంచి కాలి దాకా తెల్లటి ముసుగు తొడుక్కుని, కంటికి కనపడని దుమ్ము ఎక్కడ పడిందో వెతకడం ఆయన ఉద్యోగం. ఇంట్లోనూ అదే మనిషి. పప్పు డబ్బాల మీద కొన్న తేదీ, తెరిచిన తేదీ రెండూ రాసి ఉండేవి.

ఇంకొక గుణం, అబద్ధం చెప్పలేకపోవడం. చెప్పకూడదన్న పట్టుదల కాదు, చేతకాదు. ఆదివారం మధ్యాహ్నాలు అద్దె హాల్లో జరిగే తెలుగు చర్చిలో ఒకసారి పాస్టరుగారు, "సత్యానందం గారూ, ఇవాళ వాక్యం ఎలా ఉంది?" అని అడిగితే, "నలభై ఒక్క నిమిషం ఉందండీ," అన్నాడట. పోలీసువాడు కారు ఆపి ఎంత స్పీడులో వస్తున్నావని అడిగితే, పోలీసు మిషను చూపించిన దానికంటే నాలుగు ఎక్కువే చెప్పాడట.

నాది దీనికి సరిగ్గా తలకిందులు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా నాకొక రేషను పెట్టింది. రోజుకు ఒక్క అబద్ధమే ఆడాలి, అది కూడా ఎవరికైనా పనికొచ్చేదై ఉండాలి. మొదటి సగం నేను ఏనాడూ పాటించలేదు. రెండో సగం మొదలే మరిచిపోయాను. మా తాత తుపాకి పేలిస్తే గుండు ఏడు ఊళ్ళు తిరిగి, ఏ పిట్టకు పిల్లలు లేవో కనుక్కుని దానికే తగిలేదని సత్యానందానికి చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "ఏ బోరు తుపాకి మాస్టారూ?" అన్నాడు.

అవును, ఆయనకు తుపాకి ఉంది. యాభై నాలుగో ఏట ఆఫీసులో ఒక తెల్లాయన వెంట అడవికి వెళ్ళి పిట్టల వేట నేర్చుకున్నాడు. ఇక్కడి ఎడారిలో, నెత్తిన నల్లటి కుచ్చుతో, అచ్చం మన కౌజు పిట్టల్లాంటివి ఉంటాయి. నాలుగేళ్ళుగా కొడుతున్నా ఒక్క పిట్ట కూడా ఇంటికి తేలేదు. లూసీ తేనిచ్చేది కాదు. "తుపాకితో చంపింది నా వంటింట్లోకి రాకూడదు," అనేది. చికెన్ మాత్రం దానంతటది చచ్చి వస్తుందా అని ఆయన అడిగితే, చికెన్ సంగతి వేరనేది. అందుకని కొట్టినవన్నీ అక్కడికక్కడే స్నేహితులకు ఇచ్చేసి, ఖాళీ చేతులతో వచ్చేవాడు. చంపిన పిట్టను చల్లగా ఇల్లు చేర్చాల్సిన అవసరం ఆయనకు ఏనాడూ రాలేదు.

మార్చిలో లూసీకి క్లోమంలో కాన్సరని తేలింది. ఆగస్టుకల్లా నోట్లో ఏది పెట్టినా ఇనుము నాకినట్టుందని పక్కకు నెట్టేయడం మొదలుపెట్టింది. మా రాగిణి చారు పంపితే రెండు చెంచాలు. చర్చి వాళ్ళు ఇడ్లీ తెస్తే ఒక ముక్క. సెప్టెంబరులో ఒకరోజు పొద్దున, ఎవరూ అడక్కుండానే అందట:

"ఏవండీ, కౌజు పిట్టల పులుసైతే తింటానేమో."

ఆమెది రేపల్లె దగ్గర. నాన్న మిషను బడిలో మాస్టరు. పిట్టలు పట్టేవాళ్ళు బుట్టలో కౌజుల్ని తెస్తే, క్రిస్మస్ మర్నాడు ఆయనే పెరట్లో మూడిటుకల పొయ్యి పెట్టి పులుసు వండేవాడట. వాళ్ళమ్మ పిట్టల్ని వంటింట్లోకి రానిచ్చేది కాదు మరి. ఇన్నేళ్ళూ లూసీ పట్టుకున్న పట్టు అమ్మది. ఇప్పుడు గుర్తొచ్చింది నాన్న చేతి వంట.

ఆ మాట విన్నప్పటి నుంచి సత్యానందానికి నిద్ర లేదు. అంగట్లో దొరికే పెంపుడు పిట్టలు తెస్తానంటే, "అవి కోడిపిల్లలండీ, అడివి వాసన ఉండదు," అంది. సరే, తనే కొడతాడు. కానీ వేట ప్రాంతం మూడు గంటల దూరం. అక్టోబరులో కూడా అక్కడ తొంభై దాటిన ఎండ. ఆసుపత్రి నర్సు ఇచ్చిన కాగితం ఒకటి గారేజీ గోడకు అంటించుకున్నాడు. మందుల వల్ల లూసీకి తెల్లకణాలు పడిపోయాయి. మాంసం నలభై డిగ్రీలు దాటి రెండు గంటలుంటే ఆమెకు పెట్టకూడదు. ఇక్కడి లెక్కలో నలభై అంటే ఫ్రిజ్జులో చల్లదనం. మనకైతే విరేచనాలతో పోతుంది. ఆమెకు ప్రాణం మీదికి వస్తుంది.

అందుకని ఈ ఐదు పెట్టెలు. మూడు రోజుల పాటు వాళ్ళిద్దరూ గారేజీలోనే ఉన్నారు. నాలుగ్గంటలకోసారి ఆయన వంగి అంకె చదవడం, ఆమె పుస్తకంలో రాయడం.

"ముప్ఫై ఆరు పాయింట్ రెండు."

"రెండా, మూడా? సరిగ్గా చూడండి. కళ్ళజోడేదీ?"

"రెండే, లూసీ."

"నాకైతే మూడనిపిస్తోంది ఇక్కణ్ణించి. సరే, మీ మాటే."

ముప్ఫై ఏళ్ళ కాపురంలో వాళ్ళు ఇంత సేపు ఒకేచోట కూర్చున్నది ఎప్పుడూ లేదని ఆమే చెప్పింది. మూడో రోజు సాయంత్రానికి తెల్ల పెట్టెలో మాత్రమే ఐసు మిగిలింది. కొత్తగా కొన్న మిగతా మూడూ కొట్టుకు తిరిగి ఇచ్చేశారు. మనవాళ్ళు ముప్ఫై రోజులు వాడుకుని ఏమీ ఎరగనట్టు ఇచ్చేస్తారే, అలా కాదు. "వీటిలో ఐసు పోసి పరీక్ష చేశాను, ఓడిపోయాయి," అని కౌంటరులో అమ్మాయికి చెప్పి మరీ ఇచ్చాడు.

అక్టోబరు మూడో శనివారం బయల్దేరాలనుకున్నాం. నన్నెందుకు రమ్మన్నాడంటే, పిట్టల గురించి నాకు తెలియనిది లేదని నేనే చెప్పుకున్నాను కాబట్టి. ముందు రోజే పెట్టెలో నిండా ఐసు పోసి మూత వేశాడు. "గోడలు కూడా చల్లబడాలి మాస్టారూ. పెట్టెకి సొంతంగా చల్లదనం లేదు. మనం లోపల ఏది పెడితే దాన్ని కాపాడుతుంది, అంతే," అన్నాడు. పిట్టలు నీళ్ళలో నానకుండా లోపల ఆనించడానికి తీగతో ఒక జల్లెడ కూడా అల్లాడు.

తెల్లవారుజామున నేను టోపీ పెట్టుకుని వాళ్ళ గారేజీలోకి వెళ్ళేసరికి, సత్యానందం తలుపు దగ్గర నిలబడిపోయి ఉన్నాడు. ఆయన భుజం మీది నుంచి చూశాను. ఐసంతా గారేజీ తొట్టిలో కుప్ప పోసి ఉంది. తెల్ల పెట్టె లోపల మందపాటి తువ్వాలు పరిచి, రేకు మూసిన పెద్ద అల్యూమినియం ట్రే పెట్టి ఉంది. లూసీ గోడ పట్టుకుని ఆయాసపడుతోంది. గారేజీ నిండా బిర్యానీ వాసన.

"ఇంత మంచి పెట్టెలో ఐసు ముక్కలు వేసుకుని ఊరేగుతారా ఎవరైనా? ఐసు అక్కడ కొనుక్కుంటారుగా," అంది. "మధ్యాహ్నం తెరిచినా పొగలు కక్కాలి. మాస్టారు మొదటిసారి వస్తున్నారు, చల్లన్నం పెడతామా?"

ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో ఐసు పెట్టెకు అసలు పని బిర్యానీ మోయడం. చర్చి భోజనాలకైనా, పిక్నిక్కుకైనా, పుట్టినరోజుకైనా వేడి వేడి ట్రేలను తువ్వాళ్ళలో చుట్టి అందులోనే పెడతారు. చక్రాల పెట్టెతో లూసీ పదేళ్ళుగా చేసిందీ అదే. ఇంకా మంచి పెట్టె వచ్చింది కాబట్టి ఇంకా బాగా చేసింది.

కానీ ఆమె పొయ్యి దగ్గర నిలబడి మూడు నెలలైంది. ఎన్నింటికి లేచిందో, ఎన్నిసార్లు కూర్చుందో, ఆ మూత ఎలా ఎత్తిందో.

సత్యానందం ముఖం చూశాను. ఫ్యాక్టరీలో దుమ్ము రేణువు కనపడ్డప్పుడు ఆయన అలాగే చూస్తాడేమో. ఒక్క క్షణం. తర్వాత వెళ్ళి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాడు.

"మంచి పని చేశావు లూసీ," అన్నాడు.

ఆ మాటలో అబద్ధం లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను.

పాత చక్రాల పెట్టె కూడా ఎక్కిస్తే తన పని తప్పని లూసీకి తెలిసిపోతుందని, ఆ తెల్ల పెట్టె ఒక్కటే బండెక్కించాడు. హైవే ఎక్కి అరగంటైంది. నేనే అన్నాను. "ఏమయ్యా, ఆ ట్రే తీసి వెనక సీటు మీద పెట్టుకుందాం. మూత తెరిచి ఉంచితే మనం చేరేలోపు పెట్టె చల్లారుతుంది. దారిలో ఐసు కొని నింపుదాం."

"బిర్యానీ చల్లారిపోతుంది మాస్టారూ."

"చల్లారితే చల్లారింది. తినలేమా?"

"సాయంత్రం అడుగుతుంది, వేడిగా ఉందా అని. ఏం చెప్పను?"

"వేడిగా ఉందని చెప్పు."

"చెప్పలేను. మొహం చూసి పట్టేస్తుంది. నాకు చేతకాదు."

అప్పుడు నేను ఒకే ఒక్క మాట అనాల్సింది. నీకు చేతకాకపోతే నేను చెప్తానయ్యా, నాకున్న విద్య అదొక్కటే, అని. డెబ్బై ఆరేళ్ళుగా తాతల మీద, తుపాకుల మీద, లేని పులుల మీద ఆడిన అబద్ధాలకు కొదవ లేదు. పనికొచ్చే అబద్ధం ఒకటి ఆ ఉదయం నా ఎదుటికొచ్చి నిలబడింది. నేను దాన్ని గుర్తుపట్టలేదు. నిజం చెప్పాలంటే, వేడి బిర్యానీ మీద నాకూ ఆశ ఉంది. "సరే నీ ఇష్టం," అని, మా మేనమామ ఏనుగును సైకిలు వెనక ఎక్కించుకున్న కథ మొదలుపెట్టాను.

వేట గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మన తుమ్మచెట్టులాంటి ఒక ముళ్ళచెట్టు నీడలో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టి ఆయన వాగు వెంట వెళ్ళాడు. మధ్యాహ్నానికి పదకొండు పిట్టలు కొట్టాడు. కొట్టినదాన్ని కొట్టినట్టే పొట్ట శుభ్రం చేసి, తడి తుడిచి, గాలి తగిలేలా తాడుకు వేలాడగట్టాడు. ఏ జాతి పిట్టో అధికారులకు తెలియడానికి ఒక్కో రెక్క ఉంచాలట, ఉంచాడు. ఆ గోధుమరంగు రెక్కల్ని, నల్లకుచ్చుల్ని చూస్తే నాకు కూడా ఆకలేసింది.

ట్రే తెరిస్తే నిజంగానే పొగలు వచ్చాయి. ఏడు గంటల తర్వాత. నేను మూడుసార్లు వడ్డించుకున్నాను. సత్యానందం కాగితం ప్లేటు ఒళ్లో పెట్టుకుని మెల్లగా తిన్నాడు. "ఉప్పు తగ్గింది," అన్నాడు. "లూసీకి రుచి తెలియడం లేదు కదా. అందాజుగా వేసుంటుంది."

తిన్న తర్వాత పెట్టె లోపలి గోడ మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేశాడు. తాగే నీళ్ళు పోసి కడిగాడు. మూత తెరిచి నీడలో పెట్టాడు. కానీ ఆ నీడే తొంభై నాలుగు. దగ్గర్లో ఉన్న ఒకే ఒక్క కొట్టుకు వెళితే, వేటగాళ్ళందరూ కొనేయగా రెండు సంచుల ఐసు మిగిలింది. రెండూ పోశాడు. పైన జల్లెడ, జల్లెడ మీద పదకొండు పిట్టలు, మధ్యలో థర్మామీటరు తీగ. మూత బిగించాడు. బండి కదలకముందే లోపల ఐసు విరుగుతున్న చప్పుడు వినపడింది.

"మూడు గంటలు మాస్టారూ. మూడు గంటలు ఆగితే చాలు."

నలభై నిమిషాల తర్వాత హైవే ఆగిపోయింది. ముందెక్కడో పెద్ద లారీ అడ్డంగా పడిందట. ముందు కదలదు, వెనక కదలదు, పక్కకు దిగే దారి లేదు. అంకె నలభై ఏడు చూపిస్తోంది. పెట్టెను బండి వెనక తొట్టి నుంచి దించి లోపల సీటు మీద పెట్టి ఏసీ పెంచాం. ఆ మందపాటి గోడలు ఏసీ చల్లదనాన్ని కూడా లోపలికి రానివ్వలేదు. పిట్టల్ని బయటికి తీసి ఏసీ గాలికి పెడదామన్నాను.

"ఆ గాలి యాభై ఐదు మాస్టారూ," అన్నాడు. ముందే కొలిచాడన్నమాట.

నేను దిగాను. టోపీ చేతిలో పట్టుకుని కారు కారుకూ వెళ్ళి ఐసు అడుక్కున్నాను. ఒక మెక్సికన్ కుటుంబం కూల్‌డ్రింకు గ్లాసులోని ఐసు ఇచ్చింది. ఒక ముసలాయన రెండు చల్లటి నీళ్ళ సీసాలిచ్చాడు. ఒక అమ్మాయికి గుండె మార్పిడికి గుండె తీసుకెళ్తున్నామని చెప్పాను. పరుగెత్తుకుంటూ వచ్చి సత్యానందం కిటికీ దగ్గర, "ఎవరిది గుండె?" అని అడిగింది.

"గుండె కాదండీ, పిట్టలు. నా భార్య కోసం," అన్నాడు.

ఆమె ఒకసారి ఆయన ముఖంలోకి చూసి, తన దగ్గరున్న ఐసంతా ఇచ్చేసి వెళ్ళింది.

అన్నీ కలిపి నాలుగు గ్లాసులు. అంకె రెండు డిగ్రీలు దిగింది, పది నిమిషాల్లో మళ్ళీ ఎక్కింది. యాభై మూడు. యాభై ఎనిమిది. ఆయన ఒక కాగితం మీద టైమూ అంకే రాస్తూ కూర్చున్నాడు. ఆ రాయడం చూస్తే నాకు ఒళ్ళు మండింది. "ఎందుకయ్యా అది? దేవుడికి చూపిస్తావా?" అని అరిచాను. ఆయన రాయడం ఆపలేదు.

దారి తెరుచుకునేసరికి నాలుగు గంటలు గడిచాయి. అరవై నాలుగు.

రోడ్డు పక్క విశ్రాంతి స్థలంలో బండి ఆపాడు. పెట్టె తెరిచాడు. వాసన ఏమీ లేదు. అదే నా మనసును ఎక్కువ బాధపెట్టింది. పిట్టలు చక్కగా, శుభ్రంగా, ఇప్పుడే కొట్టినట్టు ఉన్నాయి.

"బాగున్నాయి కదయ్యా! బాగా మరగబెడితే ఏమీ కాదు. మన చిన్నప్పుడు ఫ్రిజ్జులెక్కడివి? అందరం తినలేదా?"

"నేనైతే తింటాను మాస్టారూ. మీకూ ఏం కాదు. ఆవిడకి తెల్లకణాల కౌంట్స్ లేవు."

"ఒక్క చెంచా పులుసు..."

"మాస్టారూ," అన్నాడు. అంతే.

ఒక్కోదాన్నీ తీసి కాగితంలో చుట్టి చెత్త డబ్బాలో వేశాడు. విసరలేదు. చెయ్యి లోపలికి పెట్టి ఉంచాడు. పదకొండుసార్లు. చేతులు కడుక్కుని వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు గానీ తాళం తిప్పలేదు.

"వేడి గిన్నె అందులో పెట్టడం వల్లేనని తెలిస్తే లూసీ తట్టుకోలేదు మాస్టారూ. తన చేత్తో తనే... తెలియకూడదు."

"తెలియదు. నేను చెప్తాను. నువ్వు నోరు విప్పకు. పిట్టలే దొరకలేదు, అంతే."

పొద్దున అనాల్సిన మాట సాయంత్రం అన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి లూసీ సోఫాలో మేలుకునే ఉంది. బల్ల మీద గిన్నెలో చింతపండు నానబెట్టి ఉంది. ఉల్లిపాయలు తరిగి మూత పెట్టి ఉన్నాయి. గారేజీ దగ్గర మూడిటుకల పొయ్యి ఎలా పెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకుందట.

నేను నా బతుకులోకెల్లా గొప్ప కథ చెప్పాను. మేం వెళ్ళేసరికి పిట్టలన్నీ మహాసభ పెట్టుకున్నాయనీ, సత్యానందాన్ని చూసి అధ్యక్షుడి హోదాలో ఒక పిట్ట లేచి, "మీ ఆవిడ నాలుగేళ్ళుగా మమ్మల్ని వంటింట్లోకి రానివ్వలేదు, ఇప్పుడు మేం రాము," అందనీ చెప్పాను. లూసీ పడి పడి నవ్వింది. నవ్వి దగ్గింది. దగ్గి మళ్ళీ నవ్వింది.

"మరి బిర్యానీ?" అంది.

"పొగలు కక్కింది లూసీ," అన్నాడు సత్యానందం. ఆ ఒక్క మాట నిజంగా చెప్పగలగడం కోసమే పొద్దున ట్రే తీయనివ్వలేదు. ఆమె ముఖం వెలిగింది. ఆయన స్నానానికి వెళ్ళాడు.

నీళ్ళ చప్పుడు మొదలయ్యాక ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఆయన చొక్కా కాలరుకి ఈక ఉంది మాస్టారూ."

"అది... సభలో ఓటింగు జరిగినప్పుడు..."

"మూడు రోజుల రీడింగులు రాసింది నేనే కదా. ఐసు ఎప్పుడు కరిగిందో, ఎందుకు కరిగిందో నాకు తెలీదా? పొద్దున మీరు వెళ్ళాక గుర్తొచ్చింది, గోడలు చల్లబడాలని ఆయన అన్న మాట. ఫోన్ చేశాను. అక్కడ సిగ్నల్ లేదు." చింతపండు గిన్నె వైపు చూస్తూ అంది. "ఎన్ని కొట్టారు?"

నాకు ఎన్నో అబద్ధాలు తెలుసు. ఒక్కటీ నోటికి రాలేదు.

"పదకొండు," అన్నాను.

ఆమె తల ఊపింది. "ఆయనతో అనకండి. నాకు తెలీదనే అనుకోనివ్వండి. నేను బాధపడ్డానని తెలిస్తే ఆయన తట్టుకోలేరు."

వచ్చే శనివారం మళ్ళీ వెళ్దామనుకున్నాం. ఆ బుధవారం ఆమెకు జ్వరం వచ్చింది. శనివారాలన్నీ ఆసుపత్రిలోనే గడిచాయి. నవంబరు నడిమికి గొంతులోంచి నీళ్ళు కూడా దిగని స్థితి వచ్చింది. పిట్టల వేట సీజను ఫిబ్రవరి దాకా ఉంది. లూసీ డిసెంబరు మొదటివారంలో వెళ్ళిపోయింది. చింతపండు గిన్నె అప్పటికీ ఫ్రిజ్జులో ఉంది. మూత మీద ఆయన చేతిరాతతో అక్టోబరు తేదీ.

ఆమె కోసం జరిగిన ఆరాధన తర్వాత చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. అల్ఫారెట్టా అనే ఊరి నుంచి వచ్చిన వాళ్ళ కూతురు ఫెబీ వాకిట్లో అందరికీ చేతులు జోడిస్తోంది. నేనూ సత్యానందం వెనక వరసలో మడత కుర్చీల్లో కూర్చున్నాం. ఇద్దరు ఆడవాళ్ళు చెరోవైపు పట్టుకుని తెల్ల పెట్టెను లోపలికి తెచ్చారు. వాళ్ళ తప్పేమీ లేదు. గారేజీలో ఖాళీగా కనపడింది, తువ్వాలు పరిచి ట్రేలు పెట్టుకొచ్చారు. మూత తీయగానే పొగ పైకి లేచింది.

"ఆంటీ కూలర్ ఎంత మంచిదో," అంది వాళ్ళలో ఒకామె, కళ్ళు తుడుచుకుంటూ. "పొద్దున పదింటికి పెట్టాం. ఇంకా కాలిపోతోంది."

సత్యానందం ఆ పొగ వైపు చాలాసేపు చూశాడు. ప్లేటు తెచ్చిస్తే తీసుకోలేదు.

"ఒక్కటే మాస్టారూ," అన్నాడు చివరికి. "తెలీకుండానే వెళ్ళిపోయింది. కదా? ఆ పెట్టె సంగతి. మీకెప్పుడైనా ఏమైనా అందా?"

నేను ఆయన ముఖంలోకి సూటిగా చూశాను.

"ఏమీ అనలేదయ్యా. ఆవిడకి తెలీదు," అన్నాను.